తన వాటా మనుషుల్ని వదులుకున్న ఫాదర్: బర్తొలోమే ద లాస్ కాసాస్

మన సావనీర్‌లో ఎప్పుడూ మన పెద్దల గురించే రాసుకుంటాం. ఈసారి ఎక్కడో స్పెయిన్ దేశంలో పుట్టి, అట్లాంటిక్ సముద్రం దాటి వెళ్ళిన ఒక ఫాదర్ గురించి రాస్తున్నాం. ఈయన మన సావనీర్‌లోకి ఎలా వచ్చాడని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. ఆయన ఆదివాసీ కాదు. పైగా ఆదివాసుల నేల మీదికి దండుతో పాటు వెళ్ళినవాడు, వాళ్ళను వాటాగా తీసుకుని వాళ్ళ చేత బంగారం తవ్వించినవాడు.

అయినా మేము ఆయన్నే ఎంచుకున్నాం. క్రైస్తవ సంఘంలో సంస్కరణ అనగానే అందరికీ 1517, జర్మనీ, మార్టిన్ లూథర్ గుర్తొస్తారు. దానికి మూడేళ్ళ ముందే క్యూబా దీవిలో ఇంకో మార్పు మొదలైంది. దాని గురించి మన చర్చిల్లో గానీ, స్కూలు పుస్తకాల్లో గానీ పెద్దగా చెప్పరు. కొండల్లో అడవుల్లో బతికేవాళ్ళు మనుషులా కాదా, వాళ్ళ భూమి వాళ్ళదేనా, బలవంతంగా తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వకుండా దేవుడి క్షమాపణ అడగవచ్చా అన్నవి అక్కడ వచ్చిన ప్రశ్నలు. ఈ ప్రశ్నలు మన ఇంటి ప్రశ్నలే కదా.

సెవిల్ నుంచి దీవికి

బర్తొలోమే 1484లో సెవిల్ నగరంలో పుట్టాడు. తండ్రి పేద్రో వ్యాపారి. 1493లో కొలంబస్ మొదటి ప్రయాణం ముగించుకుని సెవిల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళు కూడా నిండని ఈ పిల్లవాడు వీధిలో నిలబడి చూశాడు. పచ్చని చిలకలు, బంగారు వస్తువులు, వాటితో పాటు ఏడుగురు మనుషులు. వాళ్ళు తాయినో ఆదివాసులు. కొలంబస్ తాను ఇండియాకు చేరానని పొరబడి వాళ్ళకు ఇండియన్లని పేరు పెట్టాడు, ఆ పేరే నిలిచిపోయింది. జనం వాళ్ళను వింతగా చూశారు. అరకు దారిలో పర్యాటకుల కెమెరాల ముందు నిలబడిన మన పిల్లలకు ఆ చూపు ఎలా ఉంటుందో తెలుసు.

అదే ఏడాది కొలంబస్ రెండో ప్రయాణంలో పేద్రో కూడా ఓడ ఎక్కాడు. కొన్నేళ్ళకు తిరిగొస్తూ ఒక తాయినో కుర్రాణ్ణి వెంట తెచ్చి కొడుక్కి పనివాడిగా ఇచ్చాడు. తన ప్రజల్ని పంచిపెట్టే హక్కు కొలంబస్‌కు ఎవరిచ్చారని రాణి ఇసబెల్లా కోప్పడి, అలా తెచ్చినవాళ్ళను వెనక్కి పంపమని 1500లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ కుర్రాణ్ణి కూడా పంపించేశారు. రాణికి దయ ఉందని మురిసిపోనక్కర్లేదు. ఆమె గవర్నర్లే ఆ దీవిలో అంతకన్నా పెద్ద పంపకం చేశారు.

1502లో బర్తొలోమే తండ్రితో పాటు హిస్పానియోలా దీవికి చేరాడు. ఇప్పుడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ అనే రెండు దేశాలు ఉన్న దీవి అది. కొత్త గవర్నరు నికోలాస్ ద ఒవాందోతో పాటు దాదాపు 2,500 మంది ఆ ఓడల్లో వచ్చారు. అందరి కళ్ళలోనూ బంగారమే.

అక్కడి పద్ధతికి ఎన్‌కొమియెండా అని పేరు. అప్పగింత అని దాని అర్థం. గవర్నరు రాజు పేరు మీద ఒక్కో స్పానిష్ వాడికి ఇంతమంది ఆదివాసులని రాసి ఇస్తాడు. వాళ్ళు అతని గనిలో, పొలంలో పని చేయాలి. బదులుగా అతను వాళ్ళకు క్రైస్తవ విశ్వాసం నేర్పాలి. కాగితం మీద వాళ్ళు బానిసలు కారు, రాజుగారి స్వేచ్ఛా ప్రజలు. మన తాతముత్తాతలు ముఠాదారుకీ, దొరకీ, జంగ్లాత్ వాళ్ళకీ చేసిన వెట్టిని గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ వెట్టికి దైవభక్తి ముసుగు వేస్తే ఎన్‌కొమియెండా అవుతుంది. మగవాళ్ళు నెలల తరబడి ఏటి ఇసకలో బంగారం కోసం వంగి ఉండేవారు. ఆడవాళ్ళు దూరంగా కర్రపెండలం తోటల్లో మట్టి గుట్టలు వేస్తూ ఉండేవారు. తిండి లేని తల్లుల పాలు ఎండిపోయి పసిపిల్లలు చనిపోయేవారు. 1514లో ఆ దీవిలో పంపకానికి లెక్క వేస్తే మిగిలిన తాయినోలు 30,000 మంది కూడా లేరు.

యువకుడైన లాస్ కాసాస్‌కు కూడా వాటా వచ్చింది. పొలం చేయించాడు, దండయాత్రల్లో తిరిగాడు. తర్వాత గురువుగా అభిషేకం పొంది 1510లో అదే దీవిలో తన తొలి పూజ చేశాడు. గురువైన తర్వాత కూడా తన వాటా మనుషుల్ని అలాగే ఉంచుకున్నాడు. తన పనివాళ్ళను మిగతావాళ్ళలా హింసించలేదని ఆయన తర్వాత రాసుకున్నాడు. అయితే వాళ్ళకు విశ్వాసం నేర్పడం గురించి తానేమీ పట్టించుకోలేదని కూడా ఒప్పుకున్నాడు.

గడ్డితో కప్పిన చర్చిలో

1510లోనే డొమినికన్ సభకు చెందిన కొద్దిమంది సన్యాసులు ఆ దీవికి వచ్చారు. పేద్రో ద కోర్దోబా వాళ్ళ పెద్ద, ముప్పై ఏళ్ళు కూడా లేనివాడు. వాళ్ళు ఏడాది పాటు చుట్టూ చూశారు, విన్నారు. తర్వాత అందరూ కూర్చుని ఒక ప్రసంగం రాసి, దాని కింద అందరూ సంతకాలు పెట్టారు. చెప్పేది ఒక్కడే అయినా మాట అందరిదీ అని తెలియడానికే ఆ సంతకాలు. చెప్పడానికి బాగా మాట్లాడగల అంతోనియో ద మొంతెసినోస్‌ను ఎంచుకున్నారు. ముందుగా ఊళ్ళో పెద్దలందరినీ పేరుపేరునా పిలిచారు.

1511 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం, గడ్డితో కప్పిన ఆ చర్చిలో కొలంబస్ కొడుకూ గవర్నరూ అయిన దియెగో కూడా కూర్చుని ఉన్నాడు. మొంతెసినోస్ లేచి నిలబడి, ఇక్కడ కూర్చున్న మీరంతా చావుకు తగిన పాపంలో ఉన్నారని చెప్పాడు. ఏ హక్కుతో ఈ జనాన్ని వెట్టికి పెట్టారని అడిగాడు. ఏ అధికారంతో వాళ్ళ సొంత నేల మీద వాళ్ళతో యుద్ధం చేశారని అడిగాడు. వీళ్ళు మనుషులు కారా, వీళ్ళకు ఆత్మ లేదా అని నిలదీశాడు. ఇలాగే ఉంటే మీకు మోక్షం లేదని తేల్చి చెప్పి దిగిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలు కాగానే పెద్దలంతా కలిసి మఠం మీదికి వెళ్ళారు. వచ్చే ఆదివారం మాట వెనక్కి తీసుకోకపోతే మూటాముల్లె సర్దుకుని ఓడ ఎక్కమన్నారు. తరువాతి ఆదివారం చర్చి కిక్కిరిసింది, క్షమాపణ చెబుతాడని అంతా ఎదురు చూశారు. ఆయన మొదటి వారం కన్నా గట్టిగా అదే మాట చెప్పాడు. పైగా ఆదివాసుల్ని పట్టుకుని ఉన్నవాళ్ళకు ఇకపై పాపసంకీర్తనం వినేది లేదన్నాడు. కావాలంటే రాజుకు రాసుకోమన్నాడు.

వాళ్ళు నిజంగానే రాసుకున్నారు. రాజు ఫెర్నాందో మండిపడ్డాడు. చివరికి 1512లో బుర్గోస్ చట్టాలని కొన్ని నియమాలు వచ్చాయి. పనివాళ్ళకు ఇంత తిండి పెట్టాలి, ఇన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వాలి అని అందులో రాశారు. ఎన్‌కొమియెండాను మాత్రం ముట్టుకోలేదు. ఆ మరుసటి ఏడు ఒక పత్రం కూడా తయారైంది. పోప్ ఈ నేలను స్పెయిన్ రాజుకిచ్చాడు, లొంగకపోతే యుద్ధమే, ఆ నష్టానికి తప్పు మీదే అని అందులో ఉంటుంది. దాడికి ముందు దాన్ని ఆదివాసులకు చదివి వినిపించాలని నియమం. చదివేది వాళ్ళకు ముక్క రాని భాషలో. అర్థం కాని భాషలో నోటీసులు అందుకున్న మన గూడేల పెద్దలకు దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

మొంతెసినోస్ మాట లాస్ కాసాస్ చెవిన కూడా పడింది. తర్వాత ఒకసారి ఆయన పాపసంకీర్తనానికి వెళితే ఒక డొమినికన్ ఫాదర్ క్షమాపణ ఇవ్వనన్నాడు. ఎందుకని లాస్ కాసాస్ వాదించాడు. వాదనలో నిలవలేకపోయాడు, అయినా పనివాళ్ళను వదల్లేదు. అలాగే క్యూబాకు బయల్దేరాడు.

చూసినా మారని మనసు

క్యూబాకు ఆయన కంటే ముందు హతువే వెళ్ళాడు. హతువే హిస్పానియోలా నుంచి పడవల్లో తప్పించుకుని వచ్చిన తాయినో నాయకుడు. క్యూబా జనాన్ని పోగుచేసి, బుట్టెడు బంగారం చూపించి, స్పానిష్ వాళ్ళ దేవుడు ఇదేనని చెప్పాడట. 1512లో అతన్ని పట్టుకుని కొయ్యకు కట్టి కాల్చారు. నిప్పు పెట్టేముందు ఒక సన్యాసి వచ్చి, బాప్తిస్మం తీసుకుంటే పరలోకానికి వెళతావన్నాడు. అక్కడ స్పానిష్ వాళ్ళు ఉంటారా అని హతువే అడిగాడు. మంచివాళ్ళు ఉంటారని సమాధానం వచ్చింది. అయితే తనకు ఆ చోటు వద్దన్నాడు హతువే. ఈ సంగతి మనకు చేరింది లాస్ కాసాస్ రాతల ద్వారానే. ఒక క్రైస్తవ గురువు ఇలాంటి సమాధానాన్ని దాచకుండా రాసిపెట్టడం చిన్న విషయం కాదని మా అభిప్రాయం.

1513లో పాన్ఫిలో ద నార్వాయెస్ దండుతో పాటు లాస్ కాసాస్ గురువుగా క్యూబా అంతా తిరిగాడు. కావోనావో అనే ఊరి దగ్గర వందల మంది ఆదివాసులు రొట్టె, చేపలు తెచ్చిపెట్టి, గుర్రాలను ఆశ్చర్యంగా చూస్తూ గొంతుక్కూర్చున్నారు. ఆ ఉదయమే సైనికులు దారిలో ఏటి రాళ్ళ మీద కత్తులు నూరుకున్నారు. ఉన్నట్టుండి ఒకడు కత్తి దూశాడు. మిగతావాళ్ళు అదే చేశారు. ఆడ, మగ, పిల్ల, ముసలి తేడా లేదు. లాస్ కాసాస్ అరిచాడు, పరిగెత్తాడు, కొందరిని కాపాడగలిగాడు. నార్వాయెస్ గుర్రం మీద కదలకుండా కూర్చున్నాడు.

ఇంత చూసిన మనిషి మరుసటి రోజే మారిపోయి ఉంటాడని మనం అనుకుంటాం. కథల్లో అలాగే ఉంటుంది. లాస్ కాసాస్ మారలేదు. దండయాత్ర ముగిశాక గవర్నరు దియెగో వెలాస్కెస్ అరిమావో ఏటి ఒడ్డున మంచి భూమి, దాంతో పాటు మనుషుల్ని ఇస్తే తీసుకున్నాడు. స్నేహితుడు పేద్రో ద రెంతెరియాతో పొత్తు పెట్టుకుని పొలం, గని నడిపించాడు. నెత్తురు కళ్ళారా చూసి జాలి పడ్డవాడే, దాని ఫలం తన ఇంటికి వచ్చినప్పుడు కాదనలేదు.

1514

1514లో పెంతెకొస్తు పండుగకు ప్రసంగం చేయమని అడిగితే లాస్ కాసాస్ బైబిలు తిరగేస్తూ కూర్చున్నాడు. సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం దగ్గర ఆగాడు. ప్రొటెస్టెంట్ ఇళ్ళలో ఉండే బైబిల్లో ఈ గ్రంథం కనబడదు, కథోలిక బైబిల్లో ఉంటుంది. అన్యాయంగా సంపాదించినదాన్ని దేవుడికి అర్పిస్తే అది కానుక కాదనీ, పేదవాడి తిండి లాక్కోవడం, కూలివాడి కూలి ఎగ్గొట్టడం హత్యతో సమానమనీ అక్కడ ఉంది. తాను పూజలో పైకెత్తే రొట్టె ఎవరి కష్టంతో వచ్చిందో ఆయనకు అప్పుడు తట్టింది. డొమినికన్ల మాటలు, పాపసంకీర్తనంలో ఎదురైన తిరస్కారం అన్నీ తిరిగొచ్చాయి. కొన్ని రోజులు ఆలోచించి, ఆదివాసులకు జరుగుతున్నదంతా అన్యాయమే, దౌర్జన్యమే అన్న నిర్ణయానికి వచ్చాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తాను వదిలేస్తే ఆ మనుషులు స్వేచ్ఛగా ఇంటికి వెళ్ళరు. గవర్నరు వాళ్ళను ఇంకొకడికి ఇస్తాడు, అతను ఇంకా ఘోరంగా పని చేయిస్తాడు. ఈ సంగతి లాస్ కాసాస్‌కు తెలుసు. అయినా వాళ్ళను చేతిలో ఉంచుకుని ఎదుటివాళ్ళకు నీతి చెబితే ఎవరూ వినరని వదులుకున్నాడు. ఇది సరైన పనేనా అని మాలో మేము చాలాసేపు వాదించుకున్నాం. ఆ పనివాళ్ళ వైపు నుంచి చూస్తే వాళ్ళకు వెంటనే ఒరిగిందేమీ లేదు.

గవర్నరు దగ్గరికి వెళ్ళి తన వాటా తిరిగి ఇచ్చేస్తున్నానని చెప్పాడు. జమైకా వెళ్ళిన పొత్తుదారు వచ్చేదాకా బయట పెట్టవద్దని కోరాడు. కానీ తానే ఆగలేకపోయాడు. ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు ప్రసంగంలోనే అందరి ముందు ప్రకటించేశాడు. రెంతెరియా తిరిగొచ్చాక కోపగించుకోలేదు. విచిత్రంగా అతను కూడా జమైకాలో ధ్యానంలో కూర్చుని ఆదివాసీ పిల్లలకు బడులు పెట్టించాలని అనుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి సరుకు అమ్మేసి, ఆ డబ్బుతో లాస్ కాసాస్‌ను స్పెయిన్ పంపారు. 1515లో ఆయన మొంతెసినోస్‌తో కలిసి ఓడ ఎక్కాడు.

ఆయన చేసిన పెద్ద తప్పు

రాజసభలో పడిన పాట్లు చాలా ఉన్నాయి, అన్నీ చెప్పబోము. ఆ దీవుల వ్యవహారాలు చూసే బిషప్ ఫొన్సెకాకే అక్కడ పనివాళ్ళ వాటాలు ఉండేవి. క్యూబాలో మూడు నెలల్లో 7,000 మంది పిల్లలు చనిపోయారని లాస్ కాసాస్ చెబితే ఆ బిషప్ తనకేమిటన్నట్టు మాట్లాడాడు. 1516లో ఫెర్నాందో చనిపోయాక రాజ్యం చూసుకున్న కార్డినల్ సిస్నేరోస్ మాత్రం విన్నాడు. లాస్ కాసాస్‌కు ఇండియన్ల సంరక్షకుడన్న పదవి ఇచ్చాడు.

ఇదే సమయంలో ఆయన చేసిన పనిని దాచి ఈ కథ చెప్పకూడదు. తాయినోలను గనుల నుంచి విడిపించాలంటే వాళ్ళ బదులు పని చేసేవాళ్ళు కావాలి. స్పెయిన్ నుంచి బానిసలను, అందులో ఆఫ్రికా నల్లజాతి బానిసలను తెప్పించుకోనివ్వండని 1516లో రాజసభకు ఇచ్చిన విన్నపంలో రాశాడు. తర్వాత కూడా ఆ సలహా ఇచ్చాడు. ఆఫ్రికన్లను తేవడం అంతకుముందే మొదలైంది, ఆ వ్యాపారాన్ని ఆయన పుట్టించలేదు. 1518లో కొత్త రాజు కార్లోస్ 4,000 మందిని తరలించడానికి తన మనిషికి అనుమతి ఇచ్చాడు. అందులో ఈయన మాటకూ వాటా ఉంది. ఒక జనం వీపు మీద బరువు తీసి ఇంకో జనం వీపు మీద పెట్టమన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత, ఆఫ్రికా తీరంలో పోర్చుగీసు వాళ్ళు మనుషుల్ని ఎలా పట్టుకుంటున్నారో చదివి తెలుసుకున్నాక, లాస్ కాసాస్ తన చరిత్ర గ్రంథంలో ఈ తప్పును తన పేరుతోనే రాసుకున్నాడు. నల్లవాళ్ళను బానిసలు చేయడం కూడా ఇండియన్లను బానిసలు చేసినంత అన్యాయమేనని ఒప్పుకున్నాడు. తెలియక చేశానన్న మాట దేవుడి ముందు తనను కాపాడుతుందో లేదో అని భయపడ్డాడు. ఆ కాలంలో ఆ వ్యాపారాన్ని తప్పు పట్టిన యూరప్ వాళ్ళు చాలా అరుదు. అయితే ఆ పశ్చాత్తాపం పుస్తకంలో ఉండిపోయింది, ఓడలు మాత్రం మూడు వందల ఏళ్ళకు పైగా తిరుగుతూనే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే కత్తి లేకుండా రైతులతో ఒక వలస పెట్టి చూపిస్తానని ఇప్పటి వెనిజులా తీరంలోని కుమనా దగ్గర భూమి తీసుకున్నాడు. చుట్టుపక్కల స్పానిష్ వాళ్ళు మనుషుల్ని ఎత్తుకుపోతుంటే ఈయన శాంతి మాటలు ఎవరు నమ్ముతారు? 1522 మొదట్లో ఆదివాసులు తిరగబడ్డారు, ఆయన మనుషులు కొందరు చనిపోయారు. ఆయన కుంగిపోయి అదే ఏడాది డొమినికన్ సభలో చేరాడు. పదేళ్ళ పాటు మఠంలో చదువుకుంటూ, రాసుకుంటూ గడిపాడు.

ఆ పదేళ్ళలో హిస్పానియోలా కొండల్లో ఎన్రికీయో పోరాటం నడిచింది. సన్యాసుల దగ్గర చదువుకున్న తాయినో నాయకుడతను. దొర అతని గుర్రాన్ని లాక్కున్నాడు, భార్య మీద చెయ్యి వేశాడు. అధికారి దగ్గర ఫిర్యాదు చేస్తే తిరిగి అతన్నే జైల్లో పెట్టారు. 1519లో తన వాళ్ళను తీసుకుని బహొరుకో కొండలెక్కాడు, పద్నాలుగేళ్ళు దండ్లను తిప్పికొట్టాడు. జోడేఘాట్ కొండల్లో కొమురం భీం కథ విన్న మనకు ఇది కొత్త కథలా అనిపించదు. 1533లో ప్రభుత్వం దిగివచ్చి అతనికీ అతని జనానికీ స్వేచ్ఛ, భూమి ఇస్తామని ఒప్పందం చేసుకుంది. లాస్ కాసాస్ ఆ కొండల్లోకి నడిచి వెళ్ళి అతన్ని కలిశాడు. అతని తిరుగుబాటు న్యాయమైనదేనని తన పుస్తకంలో రాశాడు.

పోప్ మాట, రాజు చట్టం

1537 జూన్ 2న పోప్ మూడో పౌల్ ఒక ప్రకటన ఇచ్చాడు. సుబ్లిమిస్ దేయుస్ అని దాని పేరు. ఇండియన్లు నిజమైన మనుషులనీ, క్రైస్తవులు కాకపోయినా వాళ్ళ స్వేచ్ఛనూ ఆస్తినీ ఎవరూ లాక్కోరాదనీ, మంచిమాటతో, మంచి నడవడితో మాత్రమే వాళ్ళను విశ్వాసంలోకి పిలవాలనీ అందులో ఉంది. డొమినికన్ల ప్రయత్నం వల్ల వచ్చిన ప్రకటన అది. ఈ భూముల్ని స్పెయిన్‌కు రాసిచ్చినట్టు 1493లో ఇంకో పోప్, ఆరో అలెగ్జాండర్ ఇచ్చిన పత్రం పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అయితే 1493 పత్రాన్ని పోప్ రద్దు చేయలేదు. రాజు కార్లోస్‌కు కొత్త ప్రకటన నచ్చలేదు. దాన్ని ఉల్లంఘించినవాళ్ళకు శిక్ష వేసే ఆదేశాన్ని మరుసటి ఏడాదే వెనక్కి తీసుకునేలా చేశాడు.

అదే కాలంలో గ్వాటెమాలాలో యుద్ధభూమి అని పేరుపడ్డ తుసులుత్లాన్ కొండల్లోకి లాస్ కాసాస్, తోటి సన్యాసులు ఆయుధం లేకుండా వెళ్ళారు. ఐదేళ్ళ పాటు ఇంకే స్పానిష్ వాడూ అడుగు పెట్టకూడదని గవర్నరు చేత ముందే రాయించుకున్నారు. బైబిలు కథలను అక్కడి భాషలో పాటలుగా కట్టి, ఊరూరా తిరిగే ఆదివాసీ వ్యాపారులకు నేర్పారని చెబుతారు. ఆ ప్రాంతానికి తర్వాత వెరపాస్, అంటే నిజమైన శాంతి అని పేరు వచ్చింది.

1542లో రాజు కొత్త చట్టాలు తెచ్చాడు. ఇకపై ఇండియన్లను బానిసలు చేయరాదు. ఎన్‌కొమియెండా వారసులకు రాదు, దొర చనిపోతే ఆ జనం రాజు కిందికి వస్తారు. వీటి వెనక లాస్ కాసాస్ వాదన చాలా ఉంది. చట్టం రాగానే పెరూలో దొరలు తిరగబడి 1546లో రాజప్రతినిధినే చంపేశారు. అంతకుముందే, 1545లోనే, వారసత్వాన్ని ఆపే నిబంధనను రాజు ఎత్తేశాడు. చట్టం వచ్చింది కదా అని ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో 1/70 చట్టం ఉన్న ఊళ్ళలో పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

లాస్ కాసాస్‌ను చియాపాస్‌కు బిషప్‌గా వేశారు. ఇప్పుడు అది మెక్సికోలో ఉంది. అరవై ఏళ్ళ వయసులో, నలభై మందికి పైగా డొమినికన్లతో 1545లో అక్కడికి చేరాడు. ఆ ఈస్టరుకు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. బానిసల్ని విడిచిపెట్టి, తీసుకున్నది తిరిగి ఇచ్చేదాకా ఎవరికీ పాపవిమోచనం లేదు. ఒకప్పుడు తనకు ఒక ఫాదర్ చేసినదాన్నే ఇప్పుడు ఆయన ఊరంతటికీ చేశాడు. ఆయన కింది పెద్ద గురువే మాట దాటి దొరలకు క్షమాపణ ఇచ్చేశాడు. అతన్ని పట్టి తెమ్మంటే ఊళ్ళో దొరలు కత్తులు పట్టుకుని బిషప్ ఇంట్లోకి చొరబడ్డారు. చంపుతామని బెదిరించారు. కానుకలు ఆగిపోయాయి, తిండికీ కష్టమైంది. రెండేళ్ళు తిరక్కుండానే ఆయన స్పెయిన్ బయల్దేరాడు, మళ్ళీ ఆ నేల చూడలేదు. ఆ ఆజ్ఞను పాటించాల్సిన తీరు గురించి ఫాదర్ల కోసం ఆయన రాసిన చిన్న పుస్తకం ప్రతులను తిరిగి తీసుకోమని రాజసభ ఆదేశించింది.

మా దృష్టిలో ఆయన చేసిన సంస్కరణ అంతా ఈ ఒక్క ఆజ్ఞలో ఉంది. క్షమాపణ పత్రాలు డబ్బుకు అమ్ముతున్నారని లూథర్ జర్మనీలో అడిగాడు. లాగేసుకున్న భూమిని, మనుషుల్ని పట్టుకుని ఉంటూనే క్షమాపణ ఎలా తీసుకుంటారని లాస్ కాసాస్ చియాపాస్‌లో అడిగాడు. ఇద్దరూ ఒకే కాలం వాళ్ళు, ఎప్పుడూ కలవలేదు. కలిసినా పోట్లాడుకునేవాళ్ళేమో.

వయ్యదోలిద్ వాదన

1550లో రాజు కొత్త దండయాత్రలన్నీ ఆపించి, పండితుల్ని వయ్యదోలిద్ నగరానికి పిలిచాడు. ఇండియన్ల మీద ముందు యుద్ధం చేసి తర్వాత విశ్వాసం నేర్పడం న్యాయమా కాదా అన్నది తేల్చాలి. ఒక వైపు హువాన్ హినెస్ ద సెపూల్వెదా. గొప్ప పండితుడు, అరిస్టాటిల్ గ్రంథాన్ని లాటిన్‌లోకి మార్చినవాడు, ఆ దేశాల్లో ఒక్కరోజు కూడా ఉండనివాడు. కొందరు పుట్టుకతోనే బానిసలనీ, తెలివైనవాళ్ళు వాళ్ళను ఏలడం వాళ్ళ మేలుకేననీ ఆయన వాదన. మూడు గంటలు మాట్లాడి ముగించాడు. రెండో వైపు లాస్ కాసాస్. ఆయన కట్ట విప్పి ఐదు రోజులు చదివాడు. వింటున్న పెద్దలు అలసిపోయి ఉంటారు, పాపం.

ఆ జనాలకు ఊళ్ళున్నాయి, చట్టాలున్నాయి, వ్యవసాయం, కుటుంబం, పెద్దల సభలు ఉన్నాయని లాస్ కాసాస్ వివరించాడు. దేవుడు ఒక జాతిని మొత్తంగా తెలివి తక్కువ వాళ్ళుగా పుట్టించడన్నాడు. వాళ్ళ పూజల్లో నరబలి ఉంటే దాన్ని కూడా అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడు. తమకు తెలిసిన దేవుడికి అన్నిటికన్నా విలువైనదాన్ని ఇవ్వాలనుకున్నారనీ, అందుకని యుద్ధం చేసి అంతకన్నా ఎక్కువమందిని చంపడం న్యాయం కాదనీ వాదించాడు. అప్పట్లో ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

సభ 1551లో మళ్ళీ కూర్చుంది కానీ తీర్పు రాలేదు. సెపూల్వెదా పుస్తకం అచ్చుకు అనుమతి మాత్రం దొరకలేదు. 1552లో లాస్ కాసాస్ తన పుస్తకాలను సెవిల్‌లో అచ్చు వేయించాడు. దీవుల వినాశనం గురించిన చిన్న పుస్తకం అందులో ఒకటి. స్పెయిన్‌కు శత్రువులైన డచ్చి, ఇంగ్లీషు ప్రొటెస్టెంట్లు దాన్ని తర్జుమా చేసి, కథోలికులు ఎంత క్రూరులో చూడండని ప్రచారం చేశారు. చేస్తూనే తమ ఓడల్ని కూడా అదే పనికి పంపారు.

చివరి ఏళ్ళలోని ఒక సంగతి మాకు అన్నిటికన్నా నచ్చింది. పెరూ దొరలు ఎన్‌కొమియెండాలను శాశ్వతంగా తమకే అమ్మమని రాజుకు పెద్ద మొత్తం ఇవ్వజూపారు. అది తెలిసి పెరూ ఆదివాసీ నాయకులు సభలు పెట్టుకుని, లాస్ కాసాస్‌కూ మరో డొమినికన్ దొమింగో ద సంతో తొమాస్‌కూ తమ తరఫున మాట్లాడమని అధికార పత్రం రాసిచ్చారు. దొరలు ఎంత ఇస్తామంటే దానికన్నా 1,00,000 డక్కట్లు ఎక్కువ ఇస్తాం, మమ్మల్ని అమ్మవద్దని 1560లో రాజు ముందు పెట్టించారు. అప్పటిదాకా లాస్ కాసాస్ రాజు వేసిన సంరక్షకుడు. ఇప్పుడు ఆదివాసులే ఎన్నుకున్న ప్రతినిధి. ఆ శాశ్వత అమ్మకం జరగలేదు. ఇంకో మాట: ఆ దొమింగో అదే ఏడాది ఆండీస్ కొండల ప్రజల కెచువా భాషకు మొదటి వ్యాకరణం, నిఘంటువు అచ్చు వేయించాడు. మన గోండి, కోయ, కువి, సవర భాషలకు పని చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

1566 జూలైలో మాద్రిద్‌లోని అతోచా మఠంలో, 81 ఏళ్ళ వయసులో లాస్ కాసాస్ చనిపోయాడు. తన పెద్ద చరిత్ర గ్రంథాన్ని నలభై ఏళ్ళ దాకా బయటపెట్టవద్దని మఠానికి అప్పగించి పోయాడు. అది అచ్చయింది 1875లో. 1493 పత్రం లాంటివాటి మీద కట్టిన, కనుక్కున్నవాడిదే భూమి అనే సిద్ధాంతాన్ని వాటికన్ తిరస్కరించింది 2023 మార్చి 30న. ఆ ప్రకటనలో 1537 నాటి పోప్ మాటను గుర్తు చేశారు.

చియాపాస్‌లో ఆయన్ను తరిమిన ఊరికి ఇప్పుడు శాన్ క్రిస్తోబాల్ ద లాస్ కాసాస్ అని పేరు. 1974లో ఆయన పుట్టి అయిదు వందల ఏళ్ళయిందని అక్కడ ఉత్సవం తలపెట్టారు. నిజానికి పదేళ్ళు తొందరపడ్డారు, అప్పటికి ఆయన పుట్టిన సంవత్సరాన్ని 1474 అనుకునేవారు. అక్కడి బిషప్ సమువేల్ రువిస్ సాయంతో అది ఆదివాసీ మహాసభగా మారింది. త్సోత్సిల్, త్సెల్తాల్, చోల్, తొహొలబాల్ ఊళ్ళ నుంచి వెయ్యిమందికి పైగా ప్రతినిధులు వచ్చారు. భూమి, వ్యాపారం, చదువు, ఆరోగ్యం అనే నాలుగు విషయాల మీద తమ నాలుగు భాషల్లో మాట్లాడారు. ఒకరి భాష ఒకరికి అందేలా తర్జుమా చేసేవాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళే.